హైదరాబాద్ ఎండలకి తలుపులు, కిటికీల సందులు మూయిస్తే కరెంటు బిల్లు నిజంగా తగ్గుతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. కూకట్‌పల్లిలో అయిదంతస్తుల అపార్ట్‌మెంట్, మీది పై అంతస్తులో పడమటి వైపు ఫ్లాట్. రెండు బెడ్‌రూముల్లో రెండు ఒకటిన్నర టన్ను ఏసీలు, జరిపే అల్యూమినియం కిటికీలు. మే నెలలో 650 యూనిట్లు కాలి బిల్లు అయిదు వేలు దాటింది. విదేశాల వీడియోలు చూస్తే ఇంటి సందులన్నీ మూసేస్తే చాలు, కరెంటు ఖర్చు బాగా తగ్గుతుందంటున్నారు. ఇక్కడ ఒక కాంట్రాక్టర్ ఇల్లంతా సీల్ చేస్తానని, బిల్లు సగానికి దిగుతుందని చెప్పి 35 వేలు అడిగాడు. ఇవ్వాలా వద్దా?

ఇవ్వకండి. సందులు మూసే పని మాత్రం చేయించండి, కానీ ఏసీ ఉన్న రెండు గదులకే. సామాన్లకి మహా అయితే రెండు వేలవుతుంది. దాంతో బిల్లు సగం కాదు. ఎంత తగ్గుతుందో కింద లెక్క వేసి చూపిస్తాను. నేను ఏసీలు బిగించే పనితో మొదలై ఇప్పుడు ఇళ్ల వెంటిలేషన్, కిటికీల పనులు చూసుకుంటున్నాను. కాబట్టి ఇది గూగుల్‌లో వెతికి చెప్పే సమాధానం కాదు. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ వీడియోల సంగతి. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, వాళ్ల ఊళ్లకి అది నిజమే. చలికాలంలో బయట మైనస్ పది, ఇంట్లో ఇరవై. తేడా ముప్పై డిగ్రీలు, అదీ రాత్రనక పగలనక నెలల తరబడి. ఇంట్లో వేడెక్కిన గాలి పైకి లేచి కప్పు సందుల్లోంచి పోతుంటే, కింది సందుల్లోంచి గడ్డకట్టే గాలి లోపలికి వస్తూనే ఉంటుంది. అక్కడ ప్రతి సందూ డబ్బు లెక్కే. మన దగ్గర మే నెల మధ్యాహ్నం బయట 41, ఏసీ గదిలో 26. తేడా పదిహేను. అదీ నాలుగైదు గంటలే. రాత్రి పదకొండు దాటితే బయట 31కి వస్తుంది, అప్పుడు తేడా అయిదు డిగ్రీలు. దక్కన్ పీఠభూమి మీద ఉన్నందుకు మనకి దక్కిన సుఖం అది. విజయవాడ వాళ్లకి ఆ మాత్రం కూడా లేదు.

ఇప్పుడు లెక్క. మీ బెడ్‌రూము 12 అడుగులు బై 11 అడుగులు, ఎత్తు పది అనుకుందాం. అందులో పట్టే గాలి దాదాపు 37 ఘనపు మీటర్లు. గంటలో ఆ గాలంతా ఒకసారి బయటికి పోయి, దాని బదులు మధ్యాహ్నపు బయటి గాలి వచ్చిందనుకోండి. దానితో వచ్చే వేడి సుమారు 170 వాట్లు. ఒకటిన్నర టన్ను ఏసీ గదిలోంచి లాగి పారేయగల వేడి 5,200 వాట్ల పైమాటే. అంటే ఈ 170 దానికి పెద్ద బరువేం కాదు. అదే గదికి అయిదడుగులు బై నాలుగడుగుల పడమటి కిటికీ ఉండి, మామూలు అద్దం మీద సాయంత్రం ఎండ నేరుగా పడితే, ఆ ఒక్క అద్దంలోంచే 700, 800 వాట్లు వస్తాయి. నెత్తిన కాలిన స్లాబు ఇంకో 800 నుంచి వెయ్యి దాకా దింపుతుంది. మీ ఇంటి అసలు శత్రువులు ఎవరో ఇక్కడే తేలిపోయింది. సందులది మూడో స్థానం.

అయినా మూడో స్థానమని వదిలేయక్కర్లేదు, ఎందుకంటే దాన్ని బాగుచేయడానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ. పాత అల్యూమినియం కిటికీలు, కింద వేలెడు సందున్న తలుపు ఉన్న గదిలో గంటకి గాలి రెండుసార్లు మారడం మామూలే. దాన్ని సగానికో, ఇంకా తక్కువకో దింపగలిగితే, రెండు గదులకి కలిపి పగలూ రాత్రీ ఏసీ వాడే ఇంట్లో రోజుకి ఒక యూనిట్ అటూ ఇటూ మిగులుతుంది. నెలకి ముప్పై, నలభై యూనిట్లు అనుకోండి. మనకి 200 యూనిట్లు దాటితే యూనిట్ 7 రూపాయల 70 పైసలు, 300 దాటితే 9 రూపాయలు, 400 దాటితే 9 రూపాయల 50 పైసలు. మీరు మిగిల్చేవి ఎప్పుడూ పై శ్లాబులోని ఖరీదైన యూనిట్లే కాబట్టి మూడొందల నుంచి నాలుగొందల దాకా మిగులుతుంది. ఇది నా అంచనా లెక్క, మీ వాడకాన్ని బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది. రెండు వేలు పెట్టినవాడికి రెండు ఎండకాలాల్లో వచ్చేస్తుంది. 35 వేలు పెట్టినవాడికి ఎప్పటికి వస్తుందో మీరే లెక్కేసుకోండి.

వానాకాలం కథ వేరు. దీని గురించి మన దగ్గర ఎవరూ మాట్లాడరు. జులైలో బయట 30 డిగ్రీలే ఉంటుంది, వేడి లెక్కన సందులతో పెద్ద నష్టం కనిపించదు. కానీ ఆ గాలి నిండా తేమ. గది గాలి ఒకసారి మారిందంటే దాంతోపాటు పావు లీటరు దాకా నీటి ఆవిరి లోపలికి వస్తుంది. ఏసీ దాన్ని మళ్లీ నీళ్లుగా మార్చి డ్రెయిన్ పైపులోకి పంపాలి. దానికయ్యే పని మే మధ్యాహ్నపు వేడి గాలిని చల్లార్చడానికి ఏమాత్రం తీసిపోదు. ‘వానలు పడ్డాక కూడా ఏసీ బిల్లు తగ్గట్లేదేంటి’ అని అడిగే ఇళ్లలో చాలాసార్లు నాకు కనిపించేది ఇదే.

ఇక పని ఎక్కడ మొదలుపెట్టాలి? తలుపు దగ్గర కాదు, కిటికీ దగ్గర కాదు. అటాచ్డ్ బాత్రూములో ఎగ్జాస్ట్ ఫ్యాను దగ్గర.

చాలా ఇళ్లలో స్నానం అయ్యాక ఆ ఫ్యాను అలాగే తిరుగుతూ ఉంటుంది, బాత్రూము తలుపు ఓరగా ఉంటుంది. ఆరంగుళాల ఎగ్జాస్ట్ గంటకి 200 ఘనపు మీటర్లకి పైగానే గాలి లాగుతుంది. మీ గదిలో ఉన్నదే 37. అంటే ఏసీ డబ్బులు పోసి చల్లార్చిన గాలిని గంటకి అయిదారుసార్లు తీసుకెళ్లి బయట పారబోస్తున్నట్టే లెక్క. తలుపు, కిటికీల సందులన్నీ కలిపినా అంత పోదు. పరిష్కారానికి పైసా ఖర్చు లేదు. ఫ్యాను స్నానమయ్యాక పావుగంట తిరగనిచ్చి ఆపేయండి, బాత్రూము తలుపు మూసి ఉంచండి. మర్చిపోతారనుకుంటే ఎలక్ట్రీషియన్‌తో టైమర్ స్విచ్ పెట్టించుకోండి. ఫ్యాను ఆగినప్పుడు వెనక రెక్కలు వాటంతటవే మూసుకునే రకం దొరుకుతుంది. మార్చేటప్పుడు అది అడగండి. అన్నట్టు, ఈ ఒక్క అలవాటు మార్చుకున్నాక మిగతా పని అక్కర్లేదనిపించిన ఇళ్లు కూడా ఉన్నాయి.

తర్వాత తలుపు కింద. చల్లటి గాలి బరువుగా ఉంటుంది, నేల మీద పరుచుకుంటుంది. మన బెడ్‌రూము తలుపులకి గడప ఉండదు, కింద సెంటీమీటరు సందు ఉంటుంది. మూడడుగుల తలుపుకి ఆ సందు మొత్తం 90 చదరపు సెంటీమీటర్లు. గోడకి మీ అరచేయంత చిల్లు పెట్టి వదిలేసినట్టు. చల్లగాలి ఆ కింది నుంచి హాల్లోకి పోతుంటే, దాని చోటు నింపడానికి కిటికీ పై అంచుల్లోంచి, ఏసీ పైపు చిల్లులోంచి వేడి గాలి లోపలికి వస్తుంది. కింద మూస్తే పైన రావడం కూడా సగం తగ్గుతుంది. అందుకే కింది సందు ముందు చూడమంటాను.

దానికి రెండు రకాలున్నాయి. తలుపు అడుగున రెండు వైపులా ఫోమ్ గొట్టాలుండే గుడ్డ సీలు ఒకటి. అది తలుపు కిందికి దూర్చేస్తే సరిపోతుంది, వంద, నూటయాభైకి వస్తుంది. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకి అదే మేలు, ఖాళీ చేసేటప్పుడు తీసుకెళ్లిపోవచ్చు. తడి గుడ్డతో నేల తుడిచినప్పుడల్లా అది నీళ్లు పీల్చుకుంటుంది, వారానికోసారి తీసి ఆరేయకపోతే వాసన వస్తుంది. రెండోది అల్యూమినియం పట్టీకి బ్రష్షో రబ్బరో బిగించినది, తలుపు లోపలి వైపు స్క్రూలతో కొడతారు. సొంతిల్లయితే ఇదే వేయించుకోండి. ఒక్క జాగ్రత్త. మే నెలలో టేకు తలుపు ఎండి కుంచించుకుపోయి ఉంటుంది. అప్పుడు నేలకి గట్టిగా ఆనేలా పట్టీ కొట్టిస్తే, జులైలో చెక్క ఉబ్బి తలుపు కదలదు. స్క్రూ పడే చోట్లు గుండ్రంగా కాకుండా నిలువుగా పొడుగ్గా ఉన్న పట్టీ తీసుకుంటే తర్వాత ఓ మిల్లీమీటరు పైకి జరుపుకోవచ్చు. తలుపు తెరిచే దారిలో నేల ఎత్తుపల్లాలుంటే రబ్బరు కంటే బ్రష్షే మంచిది.

ఏసీ పైపు చిల్లు సంగతి. ఇండోర్ యూనిట్ వెనక గోడలో రెండున్నర, మూడంగుళాల చిల్లు కొడతారు. రాగి పైపులు, డ్రెయిన్ పైపు, వైరు వేశాక మిగిలిన ఖాళీలో సిమెంటు సంచి ముక్కో, థర్మాకోలో కుక్కి వెళ్లిపోతారు. యూనిట్ అడ్డం ఉంటుంది కాబట్టి ఎవరికీ కనిపించదు. బయటి వైపు నుంచి చూడండి. పైపుల చుట్టూ చుట్టిన తెల్ల టేపు ఎండకి పెళుసుబారి రాలిపోయి, చిల్లు కనిపిస్తుంటుంది. ఏసీ వెనక నుంచి బల్లి బయటికి వచ్చిందంటే గాలి కూడా అదే దారిన వస్తోందని అర్థం. దీనికి పీయూ ఫోమ్ స్ప్రే బాగా పనిచేస్తుంది. అది ఉబ్బి రెట్టింపు దాటుతుంది కాబట్టి చిల్లులో సగానికి మించి కొట్టకండి. గట్టిపడ్డాక మిగిలింది బ్లేడుతో కోసేసి, బయటి వైపు మాత్రం సిమెంటో వాల్ పుట్టీయో పూయించండి. ఎండ తగిలితే ఫోమ్ పసుపెక్కి పొడిపొడిగా రాలుతుంది. డ్రెయిన్ పైపు వాలు చెడకుండా చూసుకోవాలి. ఫోమ్ ఉబ్బేటప్పుడు పైపుని పైకి నెడితే నీళ్లు వెనక్కి వచ్చి గోడ మీద కారతాయి. డబ్బా కొనడం ఇష్టం లేకపోతే సర్వీసుకి వచ్చే ఏసీ కుర్రాణ్ణి అడగండి, వాళ్ల దగ్గర పైపుల చిల్లులకి పెట్టే మెత్తటి పుట్టీ ఉంటుంది. యాభయ్యో వందో ఇస్తే పెట్టేస్తారు. ఇంకా విండో ఏసీ వాడేవాళ్లు దాని లోపల బయటి గాలికి చిన్న మూత ఉంటుందని గుర్తుంచుకోండి. అది తెరిచి ఉందేమో చూసుకోండి.

కిటికీల దగ్గర కాస్త ఎక్కువ సేపు ఆగాలి, ఎందుకంటే కాంట్రాక్టర్లు పాడుచేసేది ఇక్కడే. మీది జరిపే అల్యూమినియం కిటికీ అన్నారు. దాని రెక్కల అంచుల్లో సన్నటి గాడిలో కుచ్చులాంటి బ్రష్ ఉంటుంది. కొత్తలో మెత్తగా నిలబడి ఉంటుంది, ఏడెనిమిదేళ్లకి మన దుమ్ముకి అణిగిపోయి జిడ్డుగా నల్లగా మారుతుంది. గోటితో గీకి చూడండి. లేచి నిలబడకపోతే దాని పనైపోయినట్టే. దాన్ని లాగేసి కొత్తది ఎక్కించడం అరగంట పని. రాణిగంజ్‌లో రబ్బరు, హార్డ్‌వేర్ షాపుల్లో మీటర్ల లెక్కన దొరుకుతుంది, బేగంబజార్‌లో కూడా. వెళ్లేటప్పుడు పాత ముక్క ఒకటి చేతిలో పట్టుకెళ్లండి. అడుగు పట్టీ వెడల్పు, కుచ్చు ఎత్తు రెండూ సరిపోవాలి. కుచ్చు పొడుగైతే కిటికీ జరగదు, పొట్టిదైతే వేసినా వేయకపోయినా ఒకటే.

రెండు రెక్కలు మధ్యలో కలిసే చోటు ఇంకో ముఖ్యమైన జాగా. కిటికీ పూర్తిగా మూస్తేనే ఆ రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. లాక్ వదులై రెక్క రెండు మిల్లీమీటర్లు వెనక్కి ఉంటే ఆ పట్టు దొరకదు, పైన కింద రెండు చోట్ల వేలు దూరేంత చిల్లులు మిగులుతాయి. లాక్ సరిచేయిస్తే సగం పని అయిపోయినట్టే. దోమల జాలీ రెక్క ఉన్న కిటికీల్లో అయితే జాలీని ఏ వైపు పెట్టాలో కూడా చూసుకోవాలి. తప్పు వైపు పెడితే అద్దం రెక్కకీ ఫ్రేముకీ మధ్య బ్రష్ ఆనదు, సందు తెరిచే ఉంటుంది.

కిటికీ ఫ్రేముకీ గోడకీ మధ్య నెర్రె ఉంటే సిలికాన్ వేయండి. ట్యూబు కొనేటప్పుడు న్యూట్రల్ రకం అడగండి. వెనిగర్ వాసన ఘాటుగా వచ్చే చౌక రకం సిమెంటు మీద, గ్రానైట్ మీద సరిగా పట్టదు, రాతికి మరక చేస్తుంది. పైన పెయింట్ వేయాల్సిన చోట సిలికాన్ కాకుండా యాక్రిలిక్ రకం వాడాలి, సిలికాన్ మీద రంగు నిలవదు.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నాను. కిటికీ కింది ట్రాక్‌లో, బయటి అంచున చిన్న చిన్న చిల్లులుంటాయి, వాటిని ముట్టుకోవద్దు. అవి వాన నీళ్లు బయటికి పోవడానికి. మణికొండలో ఒక ఇంట్లో సీల్ చేయడానికి వచ్చినవాళ్లు వాటిని కూడా శుభ్రంగా సిలికాన్‌తో నింపి పోయారు. జూన్‌లో మొదటి పెద్ద వానకి ట్రాక్ నిండి, నీళ్లు లోపలి గోడ మీదుగా దిగి, చెక్క ఫ్లోరింగ్ కింద చేరాయి. పలకలన్నీ ఉబ్బి లేచిపోయాక నన్ను పిలిచారు. బిల్లులో మిగిలిన దానికి వందరెట్లు అక్కడ పోయింది.

స్పంజి టేపు గురించి అందరూ అడుగుతారు. ఆన్‌లైన్‌లో వందకి పది మీటర్లు వచ్చే బూడిద రంగు టేపు. మన ఎండకి దాని జిగురు కరిగి కారుతుంది, స్పంజి వచ్చే ఏడాదికి పొడి అవుతుంది. తెరిచి మూసే చెక్క కిటికీలకి ఈపీడీఎం రబ్బరు పట్టీ వేయండి, ఇంగ్లీషు ‘డి’ అక్షరం ఆకారంలో ఉంటుంది. ఖరీదు కాస్త ఎక్కువైనా ఏళ్లతరబడి ఉంటుంది. అంటించే ముందు చెక్కని స్పిరిట్‌తో తుడిచి బాగా ఆరనివ్వాలి. దుమ్ము మీద అంటిస్తే అది దుమ్ముకే అంటుకుంటుంది.

స్విచ్ బోర్డుల్లోంచి కూడా గాలి వస్తుంది, ముఖ్యంగా బయటి గోడల్లో ఉన్నవాటి నుంచి. వైర్ల గొట్టాలు టెర్రస్ దాకా వెళ్తాయి కదా. దాని జోలికి మాత్రం పోకండి. బోర్డు లోపల ఫోమ్ కొట్టడం ప్రమాదం, పొదుపు కూడా అంతంతమాత్రమే.

సందులెక్కడున్నాయో కనుక్కోవడానికి అగరబత్తి చాలు. సాయంత్రం గాలి వీచే వేళ కిటికీలు, గది తలుపు మూసేయండి. సీలింగ్ ఫ్యాను, ఏసీ ఆపండి. బాత్రూము తలుపు తెరిచి ఎగ్జాస్ట్ వేయండి, అది గది గాలిని లాగుతూ ఉంటుంది. వెలిగించిన అగరబత్తిని కిటికీ అంచుల వెంట, ఏసీ కింద, తలుపు చుట్టూ రెండంగుళాల దూరంలో నెమ్మదిగా తిప్పండి. పొగ నిలువుగా లేస్తే అక్కడేం లేదు. ఒక్కసారిగా గది లోపలికి వంగిందంటే ఆ చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. పరదాలు ముందే పక్కకి తీసేయండి, నిప్పు కదా. అదీ చేసే ఓపిక లేకపోతే కిటికీ చుట్టూ గోడని చూడండి. సున్నం మీద సన్నటి బూడిద రంగు చారలుంటే, గాలి ఏళ్లుగా అక్కడి నుంచి దుమ్ము మోసుకొస్తోందన్నమాట. తెల్ల పరదా అంచు ఒక్క చోటే నల్లబడినా అదే లెక్క.

ఇప్పుడు మూయకూడనివి. ఇది చదవకుండా పనికి దిగొద్దు.

గ్యాస్ గీజర్ ఉన్న బాత్రూము వెంటిలేటర్‌ని ఎట్టి పరిస్థితుల్లోనూ మూయొద్దు. గాలి చాలక గ్యాస్ సరిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. స్నానానికి వెళ్లిన మనిషి స్పృహ తప్పి పడిపోతాడు. చలికాలంలో చలి గాలి వస్తోందని ఆ అద్దాల పలకలకి పాలిథిన్ కవర్ కట్టేవాళ్లని చూస్తే నాకు నిజంగా టెన్షన్ వస్తుంది. అసలు గీజర్ బాత్రూము బయట యుటిలిటీలో పెట్టించుకోవడమే సరైన పద్ధతి.

వంటింటి తలుపు కింద, సిలిండర్ ఉన్న చోట కింది వైపు సందులు కూడా వదిలేయాలి. వంట గ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే నేల మీదే పేరుకుంటుంది. అది బయటికి పోవడానికి కింద దారి ఉండాలి. ఇంకో సంగతి, చిమ్నీ నడిచేటప్పుడు అది బోలెడంత గాలి లాగుతుంది. ఇల్లంతా బిగించేస్తే ఆ గాలి బాత్రూము నేల జాలీల్లోంచి వస్తుంది, దాంతోపాటు డ్రైనేజీ వాసన. వంట చేసేటప్పుడు యుటిలిటీ కిటికీ తెరిచి, బెడ్‌రూము తలుపులు మూసి ఉంచండి.

కూలర్ వాడే గదిని అసలే సీల్ చేయొద్దు. మన ఊళ్లో ఏప్రిల్, మే నెలల్లో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కూలర్ బాగా పనిచేస్తుంది, కానీ అది లోపలికి తోసిన గాలి ఎదురు కిటికీలోంచి పోవాలి. లేకపోతే గంటలో గది ఉక్కపోసి, దుప్పట్లు తడితడిగా అవుతాయి.

నిద్రపోయే మనుషుల సంగతి కూడా ఉంది. స్ప్లిట్ ఏసీ కొత్త గాలి తేదు. ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. ఒక్కో మనిషి నిద్రలో గంటకి 10 నుంచి 15 లీటర్ల దాకా కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. భార్యాభర్తలు, ఒక బిడ్డ పడుకునే గదిని నిజంగా గాలి చొరకుండా మూస్తే, తెల్లారేసరికి తలనొప్పి, నిద్ర చాలలేదన్న భావన రావచ్చు. అందుకే నేను తలుపు కింద మాత్రమే పట్టీ వేయించి, పక్కల్లోనూ పైనా ఏమీ అంటించను. బయటి గోడ సందులు మూసేసి, హాలు వైపు సన్నటి సందు వదిలితే, వచ్చే గాలి కూడా కాస్త చల్లారిందే వస్తుంది. మన ఊరు ఏ వాతావరణ మండలంలో ఉందో దాన్ని బట్టి, కొత్త ఇళ్లలో కరెంటు ఆదా కోసం కేంద్రం పెట్టిన ఎకో నివాస్ సంహిత అనే నిబంధనల్లో కూడా తెరవగలిగే కిటికీలు నేల వైశాల్యంలో కనీసం 12.5 శాతం ఉండాలని రాశారు. కిటికీలు మూసి బతకమని ఎవరూ చెప్పలేదు. పొద్దున ఎనిమిదిన్నరకల్లా అన్నీ మూసేసి, రాత్రి బయట చల్లబడ్డాక అన్నీ తెరిస్తే, మార్చిలోనూ ఏప్రిల్ మొదట్లోనూ ఏసీ వేసే గంటలు బాగా తగ్గుతాయి. పెద్దవాళ్లు ఎప్పటినుంచో చేస్తున్నదే.

ఆ 35 వేలు చేతిలో ఉంటే ఏం చేయాలంటారా? పడమటి కిటికీకి బయట నీడ కట్టండి. లోపల ఎంత మందం పరదా వేసినా ఎండ అప్పటికే అద్దం దాటి వచ్చేసి ఉంటుంది. బయట వెదురు తడకో, షేడ్ నెట్టో, మడత పందిరో వేస్తే వేడి అద్దాన్ని చేరకముందే ఆగుతుంది. రెండు కిటికీలకి మూడు నాలుగు వేలల్లో అయిపోతుంది.

తర్వాత స్లాబు. ఆరంగుళాల కాంక్రీటు మధ్యాహ్నం ఎండని పీల్చుకుని, నాలుగైదు గంటల తర్వాత మీ గదిలోకి వదులుతుంది. రాత్రి తొమ్మిదికి స్టూలెక్కి కప్పుకి చెయ్యి ఆనించి చూడండి, గోరువెచ్చగా తగులుతుంది. తెల్లటి కూల్ రూఫ్ పూత వేస్తే ఆ వేడిలో పెద్ద వంతు వచ్చిన దారినే పోతుంది. హైదరాబాద్‌లోనే ఐఐఐటీ, అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ల్యాబ్ వాళ్లు కలిసి ఆఫీసు భవనాల మీద కొలిచి చూశారు. మామూలు కాంక్రీటు కప్పుకి తెల్ల పూత వేస్తే ఏసీ కరెంటులో 10 నుంచి 19 శాతం దాకా ఆదా అయిందని 2012లో ప్రచురించారు. ఇల్లు ఆఫీసు కాదు, అదే లెక్క అచ్చంగా రాకపోవచ్చు. అయినా సందుల కంటే ఇది పెద్ద చేప. తెలంగాణ ప్రభుత్వం కూడా 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. అపార్ట్‌మెంట్‌లో టెర్రస్ అందరిదీ కాబట్టి అసోసియేషన్ మీటింగులో పెట్టి అనుమతి తీసుకోండి. పై అంతస్తులో ఉన్న మిగతా ఫ్లాట్ల వాళ్లని కూడా కలుపుకుంటే ఖర్చు పంచుకోవచ్చు. పూత వేసే ముందు నెర్రెలు, వాటర్‌ప్రూఫింగ్ సరిచేయించాలి. లేకపోతే పూత కింద నుంచి పొరలుగా లేస్తుంది.

ఇంకా ఏసీ 22లో పెడుతున్నారా? ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని, కరెంటు పొదుపు చూసే కేంద్ర సంస్థ బీఈఈ లెక్క. 2020 జనవరి నుంచి కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24లో మొదలయ్యేలా వాళ్లతో సంప్రదించి కేంద్రం నిబంధన కూడా పెట్టింది. 26లో పెట్టి, ఫ్యాను రెండులో తిప్పితే చాలామందికి హాయిగానే ఉంటుంది.

కాంట్రాక్టర్‌తో మాట్లాడేది ఇంకా మిగిలి ఉంటే రెండు ప్రశ్నలు అడగండి. కిటికీ ట్రాక్‌లో నీళ్లు పోయే చిల్లులని ఏం చేస్తావు, బాత్రూము వెంటిలేటర్‌ని ఏం చేస్తావు? రెండింటిలో ఏ ఒక్కదానికైనా ‘ఫుల్లుగా మూసేస్తాం సార్’ అన్నాడంటే టీ ఇచ్చి పంపేయండి. పని మొదలుపెట్టే ముందు ఒక వారం రోజులు, అయ్యాక ఒక వారం, పొద్దున్నే ఒకే టైముకి మీటరు రీడింగ్ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. రెండు వారాల్లోనూ ఎండ ఇంచుమించు ఒకేలా ఉందో లేదో చూసుకోండి. ఆ ఫొటోలు ఇక్కడ పెడితే మీ ఇంటికి అసలు లెక్క ఎంతో చూసి చెప్తాను.